ఎవరి పట్టం ఎవరి నెత్తిన

పోయిన వారం ఉదయశ్రీని సెరంగూన్ రోడ్డులో, టిఫిన్ హోటల్ మెట్ల మీద, ఒంటికాలి మీద లేచి అరుస్తుండగా వదిలేసి వచ్చాం. ఆదివారం పూట దోసెలు తినడానికొచ్చిన తెలుగువాళ్లంతా నోళ్లు తెరుచుకుని చూస్తుండగా ఆవిడ మహీధర్‌ని "ఓట్ల దొంగ" అనేసింది. పాపం మహీధర్ చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది. దాన్ని మెట్టు మీద పెట్టేసి వెళ్లిపోయాడు.

నడిమధ్యలో కథ పట్టుకున్నవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పేస్తే నాకూ మీకూ హాయి. సింగపూర్‌లో తెలుగు సినిమా పిచ్చి ముదిరినవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం 'చిత్రమిత్ర'. ఏటా ఉగాది సభలో వాళ్లు ఉత్తమ నటికి 'ప్రేక్షక పట్టం' కడతారు. ఇన్నాళ్లూ ఒక హాల్లో కూర్చుని, చేతులెత్తి, కాసేపు కొట్లాడుకుని తేల్చేసేవారు. ఇది రెండు వేల సంవత్సరం. కిరాణా కొట్టువాడు కూడా డాట్ కామ్ పెడుతున్న రోజులు. మనం మాత్రం చేతులెత్తడమేంటి, లోకంలో ఉన్న తెలుగువాళ్లందరి చేతా ఇంటర్నెట్‌లో ఓట్లేయిద్దాం అన్నారు. వెబ్‌సైట్ కట్టే పని మహీధర్ నెత్తిన పడింది. గెలిచినావిణ్ణి విమానంలో పిలిపించి, వేదిక మీద పట్టం కట్టడమూ ఈ ఏడే మొదలు.

బరిలో నలుగురు నటీమణులున్నా అసలు పోటీ ఇద్దరి మధ్యే అనుకున్నారు అందరూ. ఒకరు కాత్యాయని. ముప్ఫై ఏళ్లుగా హీరోల తల్లిగా మొదటి అరగంటలోనే చచ్చిపోతూ పొట్ట పోసుకున్న మనిషి. ఇన్నేళ్లకి 'మగ్గం గుంట' అనే చిన్న సినిమాలో చివరిదాకా బతికే వేషం దొరికింది. రెండోది మహతి, 'సుబ్బిగాడు డాట్ కామ్' కథానాయిక. నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల. ఓట్ల లెక్క తేలేసరికి పట్టం మహతికి పోయింది.

ఉదయశ్రీ మండిపడటానికి అదొక్కటే కారణమైతే నేనీ కథ రాయను. ఓటింగ్ సగంలో ఉండగా కాత్యాయని అందరికంటే ఎంతో ముందుంది. అది చూసి ఆగలేక ఉదయశ్రీ హైదరాబాద్‌కి ఫోన్ చేసి, "మీరే గెలుస్తున్నారమ్మా, పాస్‌పోర్టు తీయించుకోండి" అని చెప్పేసింది. ఆవిడ తీయించుకుంది. పొరుగు రాష్ట్రం దాటి ఎరగని మనిషి, అరవయ్యో పడిలో, మొదటిసారి. ఇప్పుడావిడకి ఏమని చెప్పాలి? ఆ ఒక్క ఫోన్ చేయలేకే ఉదయశ్రీ ఈ వారమంతా ఊళ్లో ఉన్న మిగతా అందరికీ ఫోన్ చేసి అరిచింది. చివరికి సంఘం అధ్యక్షుడు దశరథరామయ్య గారు తీర్పు చెప్పారు. శనివారం మా ఇంటికి రండి, ఉదయశ్రీ రుజువు చూపించాలి, లేదా మహీధర్‌కి క్షమాపణ చెప్పాలి.

ఆ శనివారం రానే వచ్చింది.

బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో, వంటింట్లో, ఉదయశ్రీ పులిహోర కలుపుతోంది. దశరథరామయ్య గారింట్లో తగువుకి పిలిచినా తిండి లేకుండా జరగదు. మకాన్, అంటే ఇక్కడివాళ్ల మాటలో భోజనం, అయ్యాకే మాట, అది ఆయన ఇంటి పద్ధతి. భర్త కృష్ణప్రసాద్ జురాంగ్ ఐలాండ్‌లో డ్యూటీకి పోతూ పోతూ, "తగువుకి పులిహోర, పెళ్లికి పులిహోర, నీ చేతికి విశ్రాంతి లేదు" అని నవ్వి మరీ వెళ్లాడు. ఆవిడకి నవ్వు రాలేదు. చింతపండు గుజ్జుని అన్నంలో కలుపుతుంటే ఆ అన్నం మహీధర్ అన్నట్టే పిసుకుతోంది.

ఎదురుగా బల్ల దగ్గర తమ్ముడు గంగాధర్ వేరుశెనగపప్పు పొట్టు తీస్తున్నాడు. పోయినేడు అక్కే పిలిపించింది అతన్ని. సైన్స్ పార్క్‌లో ఒక డాట్ కామ్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. వాళ్ల వెబ్‌సైట్ మీదికి ఒకేసారి వేలమంది వచ్చిపడితే తట్టుకుంటుందో కుప్పకూలుతుందో చూడటం అతని పని. నిజంగా వేలమందిని ఎక్కణ్ణించి తెస్తారు? అందుకని మనుషుల్లా నటించే ప్రోగ్రాం రాసి సైట్ మీదికి తోలుతుంటాడు. నెమ్మదస్తుడు. అక్క అంటే ప్రాణం.

"నువ్వే చెప్పరా గంగా," అంది ఉదయశ్రీ. "అవార్డంటే ఏంటి? ఎవరు బాగా చేశారో వాళ్లకివ్వాలా, ఎవరి పోస్టరు పెద్దదో వాళ్లకివ్వాలా?"

"బాగా చేసినోళ్లకే అక్కా."

"ఆ పిల్ల ఏం చేసింది సినిమాలో? వానలో తడిసింది. ఎండలో ఆరింది. ఇంకో ఊరెళ్లి మళ్లీ తడిసింది. దానికా పట్టం? ఇక్కడ కాత్యాయని గారు, ఆ చివరి సీను చూశావుగా, చేనేత సొసైటీ వాళ్లు మగ్గం జప్తు చేయడానికి వాకిట్లో నిలబడి ఉంటారు. ఆవిడ ఒక్క మాట మాట్లాడదు. మగ్గం కింది గుంటలో కూర్చుని తెగిన దారాలు ముడేసుకుంటూ పోతుంది. వేళ్లు వణుకుతుంటాయి, ముడి మాత్రం తప్పదు. అది నటనరా! దాన్ని పట్టుకుని దశరథరామయ్య అంకుల్ వాళ్ల శ్యామలాదేవి ఆంటీ ఏమన్నారో తెలుసా? అమ్మ వేషం కదమ్మా, సహాయ నటి అని ఏదో ఒకటిస్తే పోయేది అన్నారు. ఎవరికి సహాయం? సినిమా అంతా మోసింది ఆవిడ! వయసు మళ్లితే నటి కాదా, సహాయమేనా?"

"తప్పక్కా. చాలా తప్పు," అన్నాడు గంగాధర్. అతనికీ రోషంగానే ఉంది. "ఇది మహీధర్ పనే. లేకపోతే అన్ని ఓట్లు పడ్డాక మనం ఓడిపోవడమేంటి?"

ఉదయశ్రీకి బలం వచ్చింది. మీటింగ్‌లో చెప్పబోయేదంతా తమ్ముడి ముందే ఒకసారి వల్లించింది.

"దశరథరామయ్య అంకుల్ అడుగుతారు, నువ్వు కళ్లారా చూశావా అని. చూడక్కర్లేదంటాను. సగం దాకా కాత్యాయని గారు ముందు. ఆ తర్వాత ఉన్నట్టుండి ఈవిడకి ఆగిపోయాయి, ఆ పిల్లకి వరదలా వచ్చిపడ్డాయి. మధ్యలో ఎవడో వేలు పెట్టకపోతే ఎలా జరుగుతుంది? సైట్ తాళం ఎవడి చేతిలో ఉంది? మహీధర్ చేతిలో. సుబ్బిగాడి హీరోకి వీరాభిమాని ఎవడు? మహీధరే. ఇంకేం కావాలి?"

"అంతే."

"నేనెంత జాగ్రత్తగా ఉన్నానో నీకు తెలీదు. మొదట్లో మహతి పేరు అన్నిటికంటే పైన పెట్టాడు. ఏంటంటే సినిమాలు రిలీజైన వరస అన్నాడు. సినిమాలు చూడనివాళ్లు పైన ఏ పేరు కనపడితే అదే నొక్కిపోతారు, ఇది అన్యాయం, అకారాది వరసలో పెట్టండి అని చెవిలో జోరీగలా పోరి పోరి మార్పించాను."

వేరుశెనగ పొట్టు ఊదుతున్న గంగాధర్ ఊదడం ఆపేశాడు.

"ఏం మార్పించావు?"

"పేర్ల వరస."

"ఎప్పుడు?"

"సగం ఓటింగ్ అయ్యాక. నువ్వు ఆఫీసు పని మీద కౌలాలంపూర్ వెళ్లావు చూడు, అప్పుడు. ఏం?"

"ఇప్పుడు వరస ఎలా ఉందక్కా?"

"అక్షర, కాత్యాయని, మహతి, శైలజ. అకారాది అంటే అంతేగా."

"మూడోది మహతి."

"అవును. ఇంతకుముందు మూడోది కాత్యాయని గారు. ఆవిణ్ణి రెండులోకి తెచ్చాను. నన్నడిగితే అదొక్కటే ఈ ఎన్నికల్లో జరిగిన న్యాయం."

గంగాధర్ పప్పు పక్కకి జరిపాడు. "అక్కా, స్టవ్ ఆపు," అన్నాడు.

ఆవిడ ఆపలేదు. తాలింపు చిటపటలాడుతూనే ఉంది.

"ఆ ఓట్లు నేనేసినవే అక్కా."

"ఏ ఓట్లు?"

"వరదలా వచ్చాయన్నావే, అవి. అంతకుముందు కాత్యాయని గారికి వచ్చినవాటిల్లో కూడా సగం పైన నావే. ఆఫీసులో నా టెస్టింగ్ ప్రోగ్రాం ఉందిగా, దాన్ని చిత్రమిత్ర సైట్ మీదికి తోలాను. ఏవేవో పేర్లు పుట్టిస్తుంది, ఓటేస్తుంది, మళ్లీ ఇంకో పేరు, ఇంకో ఓటు. రోజూ సాయంత్రం ఆఫీసులో అందరూ వెళ్లాక అదే మొదలయ్యేట్టు పెట్టేశాను. కౌలాలంపూర్ వెళ్లినా అది ఇక్కడ నడుస్తూనే ఉంది. దానికి కాత్యాయని ఎవరో, మహతి ఎవరో తెలీదక్కా. మూడో పేరు నొక్కు అని రాశాను. అది మూడో పేరే నొక్కింది."

మాడిన ఆవాల వాసన ఇల్లంతా కమ్ముకుంది. అప్పుడు ఆపింది ఉదయశ్రీ స్టవ్.

ఏం చెప్పమంటారు! సాఫ్ట్‌వేర్ తిని సాఫ్ట్‌వేర్ తాగే కుటుంబం అది. ఆవిడా ప్రోగ్రాములు రాసే మనిషే. తమ్ముడు చెప్పింది అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టలేదు. అర్థమయ్యాక ఆ క్షణమే వెనక్కి పోతే బాగుండుననిపించింది. దొంగ ఓట్లు తమ్ముడివి. వాటిని తీసుకెళ్లి మహతి ఒళ్లో పోసింది తను. న్యాయం న్యాయమని గొంతు చించుకుని మరీ పోసింది.

"ఒరేయ్ దరిద్రుడా!" చేతిలో గరిటె అతని భుజం మీద ఠపీమని పడింది. "ఎంత పని చేశావురా! ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"నువ్వు ఆ వీసీడీ చూసి ఏడ్చావక్కా. ఆ రోజు అన్నం కూడా తినలేదు. ఈవిడకి పట్టం రాకపోతే తెలుగు సినిమా మీద ఒట్టు అన్నావు. నీ కోసమే..."

"నా పేరెత్తావంటే చంపేస్తాను! నా కోసమా? నా కోసం దొంగతనం చేస్తావా? ఆవిడకి దొంగ ఓట్లు కావాలని నేనడిగానా? ఆవిడకి నువ్వు చేసిన అవమానం ఏంటో తెలుసా నీకు? పోస్టరు లేని మనిషికి కాస్త ముష్టి వేద్దామనుకున్నావు. ఆవిడ నటించింది రా! నటించి గెలుచుకునే మనిషికి నువ్వు ముష్టి వేశావు!"

గంగాధర్ తలెత్తలేదు. భుజం రుద్దుకుంటూ మెల్లగా అన్నాడు. "ఈ సంగతి బయటికి రానివ్వకక్కా. ఆఫీసు మిషన్ల మీద నడిపాను. తెలిస్తే ఆ పూటే పొమ్మంటారు. ఉద్యోగం పోతే వర్క్ పాస్ పోతుంది. పాస్ పోతే నేనిక్కడ ఉండటానికి లేదు."

"మరి మహీధర్?"

అతను బల్ల మీది పొట్టు ఒక చోటికి ఊడ్చాడు.

"నలుగురిలో ఆ మనిషిని దొంగ అన్నాను. తలెత్తుకుని తిరగనివ్వలేదు వారమంతా. ఆయన పరువు ఏం కావాలి?"

"అంకుల్ ఎలాగూ సర్దేస్తారక్కా. మహీధర్ రాజీనామా చేస్తాడు, నాలుగు రోజులకి అందరూ మర్చిపోతారు."

ఆ మాటతో ఉదయశ్రీ కోపం కొత్తగా రాజుకుంది. ఆశ్చర్యమేంటంటే ఈసారి సగం తన మీదే. వారం రోజులుగా తనూ అచ్చం ఇలాగే కోరుకుంది కదా, మహీధర్ పోవాలి, అంతే అని.

"చెప్పులేసుకో," అంది. "నువ్వూ వస్తున్నావు."

కొత్తగా వేసిన బుల్లి రైలెక్కారు ఇద్దరూ. ఇళ్ల పక్కగా వెళ్లేటప్పుడు దాని అద్దాలు వాటంతట అవే మసకబారతాయి, ఎవరింట్లోకి ఎవరూ తొంగిచూడకుండా. మొదట్లో గంగాధర్ అది చూసి చిన్నపిల్లాడిలా సంబరపడేవాడు. ఈ రోజు ఇద్దరూ ఎటూ చూడలేదు. పులిహోర గిన్నె ఉదయశ్రీ ఒళ్లో వెచ్చగా ఉంది.

దశరథరామయ్య గారింట్లో అప్పటికే భోజనాలు సగమయ్యాయి. ఎక్కువ మందిని పిలవలేదు ఆయన. ఆయనా, భార్య శ్యామలాదేవి గారూ, మహీధర్, అంతే. "రా తల్లీ, ముందు మకాన్, తర్వాత మాటలు," అంటూ శ్యామలాదేవి గారు ప్లేటు చేతికిచ్చారు. ఉదయశ్రీ ప్లేటు పక్కన పెట్టేసింది. మహీధర్ ఒక మూల, ముందు ల్యాప్‌టాప్ పెట్టుకుని, పరీక్షకొచ్చినవాడిలా కూర్చున్నాడు. ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. ఆ మర్యాద ఉదయశ్రీకి చెంపదెబ్బలా తగిలింది.

ఆవిడ నోరు విప్పేలోపే అతను మొదలెట్టాడు. వారంగా దాచుకున్న కోపం, ఆగుతుందా?

"దశరథరామయ్య అంకుల్, ముందుగాల నేను మాట్లాడతా. ఉదయశ్రీ గారు నన్ను హోటల్ ముంగట అందరిలో దొంగ అన్నరు. ఆ హీరోకి నేను ఫ్యాన్‌నే. బాజాప్తా చెప్తున్న. పదో తరగతిల కటౌట్ ఎక్కి దండ ఏసిన, కింద పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్న. ఫ్యాన్ అయితే దొంగ అయితడా? మా హీరో సిన్మాకి నేను ఈలేస్త, గోల చేస్త. గని అవార్డుకు ఓటెయ్యమంటే నటన చూసి ఏస్త. ఉదయశ్రీ గారూ, నేను ఓటేసింది కాత్యాయని గారికి."

ఉదయశ్రీ తలెత్తి అతన్ని చూసింది.

"మా నాయన చేనేత కార్మికుడు," అన్నాడు మహీధర్. "ఆ గుంటల కూసునే ఆయన కాళ్లు పోయినయ్. ఆ సిన్మా చూసి మూడు దినాలు నిద్ర పట్టలె నాకు. మీరొక్కరే ఏడ్చిన్రు అనుకుంటున్నరా? ఇగ చాలు. నాకీ సంఘం వద్దు. సైట్ తాళాలన్నీ అంకుల్‌కి అప్పజెప్తున్న."

"అయ్యయ్యో, అంత మాట ఎందుకు నాయనా," అన్నారు శ్యామలాదేవి గారు.

దశరథరామయ్య గారు గొంతు సవరించుకున్నారు. "నా మాట వినండి. ఎవరు చేశారో తేలేది కాదు. మహీధర్ తప్పుకుంటానంటున్నాడు, సరే. ఉదయా, నువ్వు ఇంకేమీ అనకు. ఇంతటితో..."

"తప్పుకోవాల్సింది ఆయన కాదు అంకుల్," అంది ఉదయశ్రీ.

తలుపు పక్కన కూర్చున్న గంగాధర్ కళ్లు మూసుకున్నాడు.

చెప్పేసింది. ఒక్క ముక్క దాచలేదు. ఓట్లు తమ్ముడివనీ, వరస మార్పించి వాటిని దారి మళ్లించింది తనేననీ, మహీధర్‌కి ఏ పాపమూ తెలియదనీ చెప్పి, రెండు చేతులూ జోడించింది. "మహీధర్ గారూ, నన్ను క్షమించండి. రేపు ఆదివారం అదే హోటల్ ముందు నిలబడి అందరిలో చెప్తాను నేను తప్పు మాట అన్నానని. కానీ తమ్ముడి పేరు మాత్రం... వాడి పాస్ పోతుందండీ. అదొక్కటీ వదిలేయండి."

మహీధర్ గంగాధర్ వైపు తిరిగాడు. "సగంల నుంచి ఓట్లు అట్ల గుద్దుకుంటుంటే హైదరాబాద్‌ల అభిమాన సంఘాలోళ్లు ఇంటర్నెట్ సెంటర్లల కూసుని గుద్దుతున్నరనుకున్న," అన్నాడు. "ఇట్లాంటి పని ఇక్కడ, మనోళ్లే, నా పక్కన కూసుని దోసె తినేటోడు చేసిండనుకోలే. దా తమ్మీ, ఇట్ల కూసో. నీ ప్రోగ్రాం ఎట్లాంటి పేర్లు పుట్టిస్తదో చెప్పు. వాటిని ఏరి పక్కన పడేస్తే అసలు మనుషులు ఎవరికి ఏసిన్రో తెలుస్తది."

ఇద్దరూ ల్యాప్‌టాప్ మీదికి వంగారు. ఉదయశ్రీ వాళ్ల వెనక నిలబడింది. ఒకవేళ అసలు మనుషులు కూడా మహతికే వేసి ఉంటే? వారం నుంచి తాను తిట్టిందంతా జనాన్నే తిట్టినట్టవుతుంది. అలా అయితే కాత్యాయని పట్టం తామే పోగొట్టామన్న పీడ అయినా వదులుతుందేమో అనిపించింది ఒక క్షణం.

"అయిపోయింది," అన్నాడు మహీధర్. ల్యాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాడు.

కాత్యాయని మొదటి స్థానంలో ఉంది. ఏదో బొటాబొటీగా కాదు, మిగతా ముగ్గురికీ కలిపి వచ్చినన్ని ఓట్లు ఆవిడకొక్కదానికే పడ్డాయి. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఎవరూ ఆవిణ్ణి దాటలేదు. అమెరికా నుంచి, దుబాయ్ నుంచి, చీరాల నుంచి, సిరిసిల్ల నుంచి, ముఖం చూడని మనుషులు ఆ ముసలావిడకి ఓటేశారు.

"నువ్వు ముట్టుకోకపోయి ఉంటే ఆవిడే గెలిచేదిరా," అంది ఉదయశ్రీ. ఈసారి అరవలేదు. అరిస్తే బాగుండునని గంగాధర్‌కి అనిపించే గొంతుతో అంది.

శ్యామలాదేవి గారు కళ్లు తుడుచుకుని, "సహాయ నటి అన్నాను చూడు, నా నోరు పడ," అన్నారు.

దశరథరామయ్య గారు చకచకా తేల్చేశారు. పెద్దమనిషి కదా, చిక్కు విడిపోయిందనుకున్నారు. పట్టం కాత్యాయనికే. లెక్కలో పొరపాటు జరిగిందని వెబ్‌సైట్‌లో రెండు ముక్కలు రాస్తారు. గంగాధర్ పేరు ఈ నాలుగు గోడలు దాటదు. మహీధర్ కూడా, "కుర్రోడి పొట్ట కొట్టి నేనేం జేస్త," అని ఒప్పుకున్నాడు. ఇక మిగిలిందొక్కటే. వచ్చే ఆదివారం సభకి బయల్దేరుతున్న మహతికి రావద్దని చెప్పాలి.

"నువ్వే చెప్పాలమ్మా," అన్నారాయన ఉదయశ్రీతో. "అందరం వింటాం. స్పీకర్ పెట్టు."

ఆ పిల్లని తిట్టినన్ని తిట్లు ఉదయశ్రీ జన్మలో ఎవర్నీ తిట్టలేదు. అయినా నంబరు నొక్కింది.

"నమస్తే మేడమ్!" అంది అటునుంచి గొంతు, హుషారుగా. "నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నానండీ. మా నాన్న గారు సినిమాల్లోకెళ్లానని మాట్లాడ్డం మానేశారండి నాతో. పేపర్లో అవార్డు సంగతి చూసి పొద్దున్న ఫోన్ చేశారు. ఇన్నాళ్లకి. ఆయన్ని కూడా తీసుకురావచ్చాండీ?"

ఉదయశ్రీ దశరథరామయ్య గారి వైపు చూసింది. ఆయన గోడ గడియారం వైపు చూశారు.

చెప్పింది. మా వాళ్లలోనే ఒకతను ప్రోగ్రాంతో దొంగ ఓట్లు వేశాడని, అవి పొరపాటున మహతికి పడ్డాయని, అసలు గెలిచింది కాత్యాయని గారని, చాలా చింతిస్తున్నామని.

"నేనడిగానా మేడమ్ మీ ఓట్లు?" అంది మహతి.

"లేదమ్మా."

"కాత్యాయనమ్మ గారికి రావాలని నాకూ తెలుసండి. నా మొదటి షాట్ ఆవిడ ఒళ్లో పడుకుని చేశాను. వణికిపోతుంటే తల నిమిరారు. ఆవిడ కాలి గోటికి సరిపోను నేను. నాకెందుకొచ్చిందో నాకే అర్థం కాలేదు. కానీ వచ్చింది. పేపర్లలో వేశారు. ఇప్పుడు వెనక్కి తీసుకున్నారంటే ఏమంటారు? దొంగ ఓట్లేయించుకుంది, పట్టుబడింది అంటారు. మీరేమో 'పొరపాటు' అని మీ వెబ్‌సైట్లో మెల్లగా రాసుకుంటారు. మా నాన్న గారికి ఇంటర్నెట్ ఉందాండీ? ఆయన చదివేది పేపరే. తప్పు చేసింది మీరు. పేరు పోయేది నాది. ఇదేం న్యాయమండీ?"

వారం రోజులుగా ఊరందరినీ ఉదయశ్రీ అడిగిందీ అదే ప్రశ్న.

"ఓ పని చెయ్యండి," అంది మహతి. "కాత్యాయనమ్మ గారిని కూడా పిలిపించండి. ఆ పట్టం నా చేత్తో నేనే ఆవిడకి కడతాను. కానీ ముందు ఆ ఓట్లేసినాయన వేదిక ఎక్కాలి. మైకులో తన పేరు చెప్పాలి. ఈ అమ్మాయికి ఇందులో ఏ సంబంధమూ లేదని మా నాన్న గారి ముందు, అందరి ముందు, చెప్పాలి. చెప్తే అది ఆవిడది. చెప్పలేదా, నాది నాకే. ఎలా ఆపుతారో ఆపండి."

"మహతీ, అది కాదమ్మా, ఆ మనిషికి ఉద్యోగం..."

"నాదీ ఉద్యోగమేనండి. ఆయన పేరేంటి? ఎక్కడుంటారు?"

దశరథరామయ్య గారు వద్దు వద్దని చెయ్యి ఊపారు. మహీధర్ తల దించుకున్నాడు. ఉదయశ్రీ తమ్ముడి వైపు చూసింది. అతను రెండు చేతులూ జోడించి ఉన్నాడు, చెప్పొద్దక్కా అన్నట్టు. తను ఎత్తుకు పెంచిన తమ్ముడు.

"ఇక్కడే ఉన్నాడు," అంది ఉదయశ్రీ. ఫోన్‌ని అతని వైపు తిప్పింది. "మాట్లాడతాడు."

గంగాధర్ లేచాడు. ఫోన్ దగ్గరికి రాలేదు. తలుపు తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా, వెళ్లిపోయాడు.

"హలో?" అంటోంది మహతి. "హలో, వింటున్నారాండీ?"